వార్డెనమ్మ సర్దిన ఉప్పునీటి గది

ఉత్తరాల కోసం గేటు దగ్గర కాచుకునే ఆడపిల్లల కాలం పోయి, వరండాలోని ఒక్క ఫోను చుట్టూ బారులు తీరే కాలం వచ్చి, అదీ గడిచి, ఎవరి అరచేతిలో వారికే లోకం వెలిగే కాలం దాకా, ట్రంకుపెట్టెలతో ఏడుస్తూ వచ్చి చక్రాల పెట్టెలతో నవ్వుతూ వెళ్లిన తరాలన్నిటికీ తలుపు తీస్తూ తలుపు వేస్తూ, ఒకే హాస్టలు మెట్లమీద తాళాల గుత్తితో నిలబడి జుట్టు నెరిసిన మనిషి, తన పెళ్లి మాట తానే మరిచిపోయిన వయసులో, ఉద్యోగం విరమించిన మరుసటి ఏడే, భార్యను పోగొట్టుకున్న ఒక కళ్లజోళ్ల వ్యాపారికి ఇల్లాలై, ఎనభై దాటిన అత్తగారికి కొత్త కోడలై, కింద దుకాణమూ పైన రెండు గదులూ ఉన్న ఒక ఇరుకు మేడలో అడుగుపెట్టింది.

హాస్టలు పిల్లలు పెట్టిన 'వార్డెనమ్మ' అన్న పేరు ఆమె కన్న ముందే ఆ వీధికి చేరింది. కూరగాయలమ్మే మనిషి మొదలు పక్క వాటా దర్జీ వరకు అందరికీ అదే పిలుపు. అత్తగారు మాత్రం దాన్ని ఇంకొక మెట్టు ఎక్కించి, "వార్డెనుగారూ, తమరు కాస్త ఇటు దయచేస్తారా" అనేది. ఆ గౌరవంలో తేనె కన్న తేనెటీగ ముల్లే ఎక్కువ. వచ్చినవారిని లోపలికి రానివ్వడం ఇష్టం లేనప్పుడు గుమ్మంలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టడం కూడా మర్యాదే గదా. కోడలికి అది తెలియక కాదు. తెలిసినా, "వస్తున్నానండీ" అని తల వంచుకుని వెళ్లేది. కొత్త ఇల్లు; నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఆమె ధైర్యం.

అత్తగారు తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. లేచి కుర్చీలోకి మారడమే ఆమెకు తీర్థయాత్ర. ఆ గది కిటికీ తెరిస్తే కనబడేది పక్క మేడ వెనుకగోడ, దాని మీద పొడుగునా దిగిన మురుగు గొట్టం. అందుచేత ఆవిడ కిటికీకి వీపు పెట్టి, ఎదుటి గోడవైపున్న అద్దాల తొట్టికి ముఖం పెట్టి పడుకునేది. సముద్రపు ఉప్పు కలిపిన నీరు, అడుగున తెల్లని ఇసుక, నడుమ చిల్లులు చిల్లులుగా ఉన్న రాళ్లు. మొదటి కోడలు ముచ్చటపడి అమర్చుకున్న తొట్టి అది. ఆ ఇల్లాలు పోయిన తర్వాత చూసే చేయి లేక, చేపలూ ఒకటొకటిగా ఆమె దారినే పోయాయి. పోయినప్పుడల్లా కళ్లజోళ్లాయన దాన్ని కాగితంలో చుట్టి, బాల్కనీలోని పూలకుండీలో పాతి, ఆ పూటకి భోజనం మానేసేవాడు. చివరికి మిగిలింది ఒక్కటే. బొటనవేలంత నీలి ఒళ్లు, పసుపు తోక, పోలీసు నడక. దానికి అత్తగారు 'పెద్దాయన' అని పేరు పెట్టింది.

"ఎంతసేపని ఒక్క ముఖమే చూడను రా," అంది ఒకనాడు కొడుకుతో. "పెద్దాయనకీ నాకూ మాటలైపోయాయి. ఆయన ఇటు తిరిగితే నేనటు తిరుగుతున్నాను. ఇంకో నాలుగు ప్రాణాలు అందులో మెదిలితే నాకూ పొద్దుపోతుంది."

"ఇంకెన్నిటిని పాతిపెట్టమంటావమ్మా? కుండీలో మట్టి కన్నా చేపలే ఎక్కువున్నాయి."

తలుపు దగ్గర తువ్వాలు మడత పెడుతున్న వార్డెనమ్మ, "నేను చూస్తానండి," అంది. ఆ ఇంట్లో ఆమె తనంతట తాను కోరి తీసుకున్న మొదటి పని అది.

తీసుకున్నాక ఆమె తేలిగ్గా వదిలే మనిషి కాదు. చేపల కొట్టుకు వెళ్లి అడిగింది, అడిగినది మళ్లీ అడిగింది. నీరు ఆవిరైతే మంచినీరే పోయాలి గాని ఉప్పునీరు పోయరాదని, ఉప్పు ఎగిరిపోదని తెలుసుకుంది. పాచి గీకింది, మురికి పట్టిన ఇసుక మార్చింది. ఆ పని జరుగుతున్నంతసేపూ పెద్దాయన్ని ఒక బకెట్టులో ఉంచింది. తోడుగా ఒక సన్నని చేపను తెచ్చింది. ముందు సగం పాలతెలుపు, వెనక సగం నిప్పురంగు. నీటిలో వెలిగించిన వత్తిలా ఉండేది.

అంతా సిద్ధమయ్యాక ఆమె చేయి ముందు కొత్త చేప ఉన్న సంచి వైపే వెళ్లింది. మంచం మీద నుంచి గొంతు వినబడింది.

"వార్డెనుగారూ. మీ హాస్టల్లో ఎలా ఉండేదో నాకు తెలీదు. ఈ ఇంట్లో పెద్దవాళ్లు కూర్చున్నాకే చిన్నవాళ్లు కూర్చుంటారు. ముందు పెద్దాయన్ని పంపించండి."

అది ఆ ఇంటి ధర్మశాస్త్రం. వేడినీళ్లయినా, ఉదయపు పత్రిక అయినా, కంచంలో వడ్డన అయినా పెద్దవారి తర్వాతే మిగతావారికి. పత్రికలో మడత చెడిందంటే కొడుకును పిలిచి విచారణ జరిగేది. కోడలు మారు మాట్లాడక బకెట్టు ఎత్తి, నీలి చేపను ముందు వదిలింది.

పెద్దాయన తొట్టిలో ఒక ప్రదక్షిణం చేశాడు. నడుమనున్న పెద్ద రాతి గుహలో దూరి, బయటికి వచ్చి, ఎడమ మూల చూసి, కుడి మూల చూసి, అంతా తనదేనని తేల్చుకున్నాడు. తర్వాత వచ్చిన నిప్పురంగు చేపకు ఆ తొట్టిలో నిలువ నీడ లేకపోయింది. గుహ దగ్గరికి పోతే తరిమాడు, మూలకి పోతే తరిమాడు, మేత దగ్గర తరిమాడు. మర్నాడు పొద్దున కళ్లజోళ్లాయన చెప్పుల కోసం వంగితే, మూత వెనక సందులోంచి ఎగిరి దూకిన ఆ చిన్న ప్రాణి నేల మీద ఎండిపోయి ఉంది.

ఆయన చాలాసేపు లేవలేదు. లేచాక కూడా గొంతు పెంచలేదు.

"ఇదే ఆఖరు. ఇంకొక్క ప్రాణం పోయిందంటే తొట్టి, రాళ్లు, పెద్దాయనతో సహా కొట్లో ఇచ్చేసి వస్తాను. నా వల్ల కాదు."

"అయితే నేనేం చూడను?" అంది తల్లి.

"గోడ చూడు." అన్న తర్వాత ఆ మాటకు ఆయనే నొచ్చుకుని, గబగబా మెట్లు దిగి దుకాణంలోకి పోయాడు.

ముసలావిడ నిజంగానే తొట్టికి వీపు పెట్టి, కిటికీ గోడవైపు తిరిగి పడుకుంది. వార్డెనమ్మ ఆ గదిలో నేల తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ కూర్చుంది. ఆమెను బాధించినది చేప చావు ఒక్కటే కాదు. ఇలా జరుగుతుందని తనకు తెలుసు. తెలిసి తెలిసి కాలు గోతిలో పెట్టింది.

హాస్టలు తెరిచే రోజున ఆమెకొక పద్ధతి ఉండేది. గదిలోని పాత పిల్లను ముందు పంపితే కిటికీ పక్క మంచం, ఫ్యాను కింది చోటు, అలమరలో పై అర అన్నీ ఆమెవైపోయేవి. తర్వాత వచ్చిన పసిపిల్ల పెట్టె మీద కూర్చుని ఏడ్చేది. అందుకని వార్డెనమ్మ సెలవుల్లోనే మంచాలన్నీ అటుదిటు ఇటుదటు మార్పించేది. కొత్త పిల్లలను ముందు పంపి, కొక్కేలకు వాళ్ల తువ్వాళ్లు తగిలించుకోనిచ్చేది. అందరిలోకీ పొగరుబోతును మాత్రం, "ఏమే, నువ్వు నా దగ్గర ఉండు, దుప్పట్లు లెక్కపెట్టాలి" అని పక్కన ఉంచుకుని, ఆఖరున పంపేది. గది తీరే మారిపోయి, తన చోటేదో తనకే తెలియక గుమ్మంలో నిలబడ్డ ఆ పొగరుబోతు, ఎన్నడూ లేనిది, "ఇక్కడెవరైనా ఉన్నారా?" అని అడిగేది. అడగడం వచ్చాక ఇక భయం లేదు. అన్నేళ్లు నడిపిన ఆ విద్యను ఒక్క మాటకు జడిసి బకెట్టులో ముంచేసింది తను. ఎంత మాటకారికైనా కొత్త చూరు కింద నోరు పెగలదు కాబోలు.

గుడ్డ పిండి ఆరవేసి, చెప్పులు వేసుకుని ఆమె చేపల కొట్టుకు నడిచింది.

కొట్టాయన మాటల పోగు. "ఇదిగో, దీన్ని తీసుకెళ్లండమ్మా," అని నిమ్మపండు రంగులో పలకలా ఉన్న చేపను చూపించాడు. "పిల్ల. ఎంత ముద్దొస్తోందో చూడండి."

"పెరిగితే ఎంతవుతుంది?"

"పెరిగినప్పుడు కదమ్మా."

"పిల్ల పిల్లగానే ఉంటే నాకు ముప్ఫై ఏళ్లు ఉద్యోగమే ఉండేది కాదు. పెరిగితే ఎంతవుతుందో చెప్పండి."

ఆయన నసుగుతూ అరచేయి చాపి, ఆ పైన ఇంకాస్త గాలిని చూపించాడు. దోసిట్లో దొరికిన చేపపిల్ల కుండ చాలక, చెరువు చాలక, చివరికి కడలి నిండా పెరిగిన పురాణకథ విన్న మనిషి ఆమె. తల అడ్డంగా ఊపింది. ఆ పైన ఆయన విసనకర్రల వంటి రెక్కలు చాచి తేలుతున్న చారల చేపను పొగడడం మొదలుపెట్టాడు.

"రాజసం చూడండి. అందరితోనూ కలిసిపోతుందండి."

"అందరితోనా?"

"నోట్లో పట్టనంతవాళ్లతోనండి," అని ఒప్పుకున్నాడు.

"అయితే అది వద్దు. ఆ చిన్నవాటికి మేత వేయండి. నేను చూడాలి."

కొట్టాయన నవ్వుకుంటూనే వేశాడు. ఆమె అద్దానికి ముక్కు ఆనించి, భోజనశాలలో కాపలా నిలబడ్డట్టే నిలబడింది. ఏది పరుగెత్తి తింటుంది, ఏది ఎదుటిదాని నోట్లోది లాక్కుంటుంది, ఏది తినక మూలన ముడుచుకుంటుంది? ఏది పైన మసలుతుంది, ఏది నడుమ, ఏది నేల మీద? నీలి చేపలనూ, ఆ పోలికలో ఉన్నవాటినీ దరిదాపులకు రానివ్వలేదు. ఒకే పోలిక ఉన్నవాళ్ల మధ్యే ఆస్తి తగవు, అది పినతండ్రి బిడ్డలలోనైనా చేపలలోనైనా. చివరకు నారింజ ఒంటికి తెల్ల పట్టీలు తగిలించుకున్న ఒక జంటను ఎంచింది. అప్పటికే అవి ఒకదాన్నొకటి విడవకుండా తిరుగుతున్నాయి, ఆడది మగదాని కన్నా పెద్దది, మేతకు బెదరలేదు. ఇసుక మీద మోచేతులు ఆనించి కూర్చున్నట్టు కూర్చుని, ఎవరి జోలికీ పోక, వచ్చినదాన్ని మాత్రం ఠక్కున అందుకుంటున్న ఒక పొట్టి చేపను ఎంచింది.

"ఇంతేనా అమ్మా? ఇంకా బోలెడు చోటుంది మీ తొట్టిలో."

"చోటుంది కదా అని నింపితే దాన్ని గోదాము అంటారు," అని ఆమె మూత వైపు చేయి చూపింది. "అలాంటి జాలీ మూత ఒకటి ఇవ్వండి. సందు లేకుండా ఉండాలి."

ఇంటికి వచ్చి, అత్తగారు కునుకు తీస్తున్న వేళ చూసి, పని మొదలుపెట్టింది. రాళ్లు తీయకుండా పెద్దాయన చేతికి చిక్కడని తేలింది. తీశాక కూడా వలకు ఇటుంటే అటు, అటుంటే ఇటు. చీర అంచు తడిసి, మోచేతిదాకా ఉప్పు తేలి, ఆమెకు హాస్టలు గోడ దూకే పిల్లలు గుర్తొచ్చి నవ్వు వచ్చింది. పట్టుకుని, ఉప్పునీరు నింపి గాలిబుడగల గొట్టం పెట్టిన టబ్బులో వేసి, వంటింటి మూలన ఉంచింది. తర్వాత రాళ్లను కొత్త తీరుగా పేర్చింది. నడిమి గుహను విప్పేసి, కుడివైపొక అరుగు, అడుగునొక చదును రాయి, ఎడమవైపు ఒకే ఒకరికి సరిపడే సందు కట్టింది. కొత్తవారి సంచులను నీటిలో తేల్చి, తొట్టి నీటిని కొద్దికొద్దిగా వాటిలో కలిపి అలవాటు చేసి, వదిలింది.

అప్పుడే అత్తగారు కళ్లు తెరిచింది.

"పెద్దాయన ఏడి?"

"వంటింట్లో ఉన్నారండీ."

"వంటింట్లోనా?" ముసలావిడ మోచేతి మీద లేచింది. "ఇన్నేళ్లుగా ఉన్నవాణ్ణి ఇంట్లోంచి లేపి అంట్ల పక్కన కూర్చోబెట్టి, నిన్నగాక మొన్న వచ్చినవాళ్లకి గది ఇస్తావా నువ్వు? ఎవరే నీకు నేర్పింది ఈ పద్ధతి? నీకసలు పెద్దంతరం చిన్నంతరం ఉందా?"

వార్డెనమ్మ చేతులు తుడుచుకుంటూ ఆగింది. ఆ ఇంటికి వచ్చాక అత్తగారి నోట తొలిసారి వచ్చిన 'నువ్వు' అది. కోపంతో వచ్చినా, 'గారూ' కన్న ఎన్నో మెట్లు దగ్గరిది. ఆమె మంచం పక్కన, కుర్చీలో కాకుండా, మంచం మీదనే కూర్చుంది.

"మీరు చెప్పినట్టే ముందు పెద్దాయన్ని పంపానత్తయ్యా. ఒక ప్రాణం పోయింది. ఈసారి నా మాట కూడా చూడండి. ఆయన పెద్దరికం ఎక్కడికీ పోదు. వెలిపెట్టలేదు, విడిదిలో ఉంచాను. వాళ్లు సర్దుకున్నాక ఆఖరున పిలుస్తాను."

"సర్దుకోకపోతే?"

"తొట్టి పోతుంది. మీ అబ్బాయి మాట మీకు తెలుసుగా."

ముసలావిడ దుప్పటి మీదికి లాక్కుంది. "ఆయనకి వంటింట్లో పోపు ఘాటు తగలకుండా చూడు," అని కిటికీ గోడవైపు తిరిగింది.

ఆ తిరగడం ఒక్క పూటే. మర్నాడు కోడలు మంచినీళ్లు తెచ్చేసరికి ఆవిడ ముఖం తొట్టివైపే ఉంది. అడుగుల చప్పుడుకు గబుక్కున కళ్లు మూసుకుంది. ఆ మర్నాడు కళ్లు మూయడం మరిచిపోయింది. వారం తిరగకుండా, చదును రాయి కింద ఇసుక నోటితో తోడి బయట పోస్తున్న పొట్టి చేపకు 'గుమాస్తా' అని పేరు పడింది. "పొద్దున్నించీ ఒకటే పని వాడికి, టీ అయినా తాగడు," అని అత్తగారు దర్జీకి చెబుతోంది. జంట కుడివైపు అరుగును తమ ఇల్లు చేసుకుంది. వంటింట్లో పెద్దాయన తన మేత తాను తింటూ కుశలంగానే ఉన్నాడు. ముసలావిడ పూటకోసారి విచారించేది.

అందరూ బెరుకు లేకుండా తింటున్నారని రూఢి అయ్యాక, ఒక మధ్యాహ్నం వార్డెనమ్మ, మసకలో తగవు తగ్గుతుందని, కిటికీ తెర దించి, తొట్టి దీపం ఆర్పింది. కళ్లజోళ్లాయన దుకాణం మూసి పైకి వచ్చాడు. భోజనానికి కూడా అలా మూయని మనిషి. చేతిలో వల పట్టుకుని నిలబడ్డాడు.

"అది ఎందుకండీ?"

"ఏమైనా అయితే."

ఆమె కొత్తవారికి కుడి మూలన మేత వేసి, వాళ్లు ఆ సందడిలో ఉండగా ఎడమవైపు నుంచి పెద్దాయన్ని నీటిలోకి జార్చింది.

పెద్దాయన నేరుగా నడుమకు పోయాడు. గుహ లేదు. వెనక్కి వచ్చాడు, మళ్లీ పోయాడు. లేదు. ఆ కలతలో కుడివైపుకు దూసుకుపోయి జంటలో చిన్నదాన్ని తరిమాడు. గుమాస్తా రాతి కిందికి మాయమయ్యాడు. కళ్లజోళ్లాయన వల ముంచబోతే వార్డెనమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆగండి. తరమడం వేరు, కరవడం వేరు."

"పోయినసారీ ఇలాగే మొదలైంది."

"పోయినసారి వాళ్లకి ఇల్లు లేదు. ఇప్పుడుంది."

పెద్దాయన రెండోసారి అరుగు మీదికి వచ్చాడు. ఈసారి జంటలో పెద్దదైన ఆడది కదలలేదు. రెక్కలు విప్పి, ఒళ్లంతా వణికిస్తూ, ముఖానికి ముఖం పెట్టి నిలబడింది. మంచం మీద నుంచి అత్తగారు, ఇన్నాళ్లూ పెద్దాయనకే వత్తాసు పలికిన ఆ పెద్దావిడే, గొంతు తగ్గించి అంది:

"తగ్గకే అమ్మాయ్. నీ ఇల్లు అది."

సముద్రుడు ఎంత పొంగినా చెలియలికట్ట దగ్గర వెనుదిరుగుతాడు. పెద్దాయన వెనుదిరిగాడు. తోక విసురుతూ, ఏమీ జరగనట్టే ఎడమవైపుకు వచ్చి, ఆ కొత్త సందు ముందు ఆగి, తల పెట్టి చూసి, బయటికి తీసి, మళ్లీ పెట్టి చూశాడు. తర్వాత ఒళ్లు మళ్లించి, వెనకనుంచి మెల్లగా అందులోకి ఒదిగి, నీలి ముఖం మాత్రం గుమ్మంలో ఉంచుకుని నిలిచాడు.

"కూర్చున్నాడు," అంది ముసలావిడ.

కళ్లజోళ్లాయన వల కింద పెట్టాడు. అద్దాల వెనక ఆయన కళ్లు తడిశాయని ఇద్దరు ఆడవాళ్లూ చూసి, ఇద్దరూ చూడనట్టే ఊరుకున్నారు. కాసేపటికి దుకాణంలో ఫ్రేములు బిగించే చిన్న స్క్రూడ్రైవరు తెచ్చి, జాలీ మూతను నాలుగు మూలలా తానే బిగించాడు. కదిపి చూశాడు, మళ్లీ బిగించాడు.

ఆ తర్వాత తరుములాటలు బొత్తిగా లేవని కాదు. ఒకే చూరు కింద ఉన్నాక గిన్నె గిన్నెకు తగలకుండా ఉంటుందా. అయితే ఎవరి హద్దులో వారు తిరిగారు, మేత వేళకు నలుగురూ ఒక్క చోటికి వచ్చారు, ఒక్క తోకకూ చిరుగు పడలేదు. పూలకుండీలో మళ్లీ తవ్వవలసిన పని రాలేదు. కళ్లజోళ్లాయన అందులో తీగ మొక్క వేశాడు. అత్తగారిని రోజూ కుర్చీలోకి దింపి తొట్టి దగ్గరికి జరుపుతున్నారు, మేత ఆవిడ చేతిమీదుగానే పడుతోంది. తీర్థయాత్ర కాస్తా నిత్యపూజ అయింది. అద్దాలు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా మెట్లెక్కి చూసిపోతున్నారు.

మొన్న వచ్చిన ఒక ఇల్లాలు, తన ఇంట్లో చేపలు ఎప్పుడూ కొట్టుకు చస్తాయని చెప్పుకుని బాధపడితే, అత్తగారు నిటారుగా కూర్చుని తీర్పు చెప్పింది.

"అది మీ పొరపాటమ్మా. పెద్దవాణ్ణి ముందు పంపుతారా ఎవరైనా? ఆఖరున పంపాలి. నేను మొదటినుంచీ మా కోడలికి అదే చెబుతున్నాను."

తలుపు దగ్గర వార్డెనమ్మ పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటూ, "అవునండీ, అత్తయ్యే చెప్పారు," అంది.

ఉదయం దీపం వెలగగానే నాలుగు ప్రాణులు నాలుగు దిక్కులనుంచి కదిలివచ్చే ఆ తొట్టి ముందు, ఆ తల్లికి చూపు మందగించని నిండు ఆయువూ, ఆ వ్యాపారికి చేతినిండా పనీ, తలుపులు తీయడమే జీవితంగా గడిపిన ఆ ఇల్లాలికి తనకోసం తెరిచిన తలుపూ చిరకాలం నిలుచుగాక. ఆ ఇంటి నీరు ఎన్నడూ కలక బారకుండుగాక.